సాయంత్రం ఆరున్నర నిద్ర: ఒక ఇంటర్ విద్యార్థి కేస్ స్టడీ

నల్లగొండ జిల్లాలోని ఒక మండల కేంద్రం నుంచి నా దగ్గరికి కౌన్సెలింగ్‌కు వచ్చిన కుటుంబం ఇది. ఊరి పేరు, కాలేజీ పేరు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. తల్లిదండ్రులు, అబ్బాయి ముగ్గురూ సరేనన్నాకే రాస్తున్నాను. ఇంట్లో పిలిచినట్టే ఇక్కడా అతన్ని చిన్నోడు అంటాను. కౌన్సెలింగ్ చేసేవాళ్లు, కాలేజీ లెక్చరర్లు, ఇంటర్ పిల్లలున్న తల్లిదండ్రులు చదువుతారని రాస్తున్నాను. ఇందులో మొదటి మూడు వారాలు నేను పొరపాటు దారిలో వెళ్లాను. ఆ సంగతి కూడా దాచకుండా చెబుతాను.

వచ్చిన రోజు

నవంబర్ మొదటి వారం. చిన్నోడికి పదహారేళ్లు, ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. మోకాలికి కట్టు ఉంది, కుడి మోచెయ్యి గీసుకుపోయి ఉంది. తండ్రి డీసీఎం నడుపుతాడు. మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం లోడ్లు. వానాకాలం ధాన్యం దిగే ఆ రెండు నెలలు ఆయన ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండున్నర, పన్నెండు అవుతుంది. తల్లి ఇంట్లోనే బట్టలు కుడుతుంది.

తండ్రి కూర్చోకముందే అన్న మాట: "సార్, వీడు గంజాయి గిట్ల తాగుతుండేమో జర టెస్టు చేయించుండ్రి." తల్లి గోడు వేరు. "అట్ల కాదు సార్, వానికి చిరాకు ఎక్కువైంది. ఏమన్నంటే మీదికొస్తుండు." కొడుకు బయటికి వెళ్లాక ఆమె అసలు మాట చెప్పింది. ప్రమాదం జరిగిన మర్నాడు వాడు "నేను సచ్చిపోయినా మీకు మార్కులే కావాలె" అన్నాడట.

ఆ ప్రమాదం రాత్రి ఒంటిగంటన్నరకు జరిగింది. బాబాయి బండి తీసుకుని, వెనక ఇద్దరు దోస్తులను ఎక్కించుకుని హైవే ధాబాకు పోయి వస్తున్నాడు. లైట్లు లేని ట్రాక్టర్ ట్రాలీ ముందు పోతోంది, ఎదురుగా బస్సు వస్తోంది. దాటబోయి రోడ్డు దిగిపోయాడు. ఎందుకు దాటావని అడిగితే ఒకటే జవాబు: "సందు కనిపించింది సార్. పోతదనుకున్న."

ఇక్కడ నా ముందు నాలుగు సమస్యలున్నాయి. చావు మాట, బండి, పడిపోయిన మార్కులు, నిద్రలేని రాత్రులు. దేన్ని ముందు పట్టుకోవాలో ఆలోచించాల్సిన పని లేదు, చావు మాటనే. చిన్నోడిని ఒంటరిగా కూర్చోబెట్టి సూటిగా అడిగాను. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలా ఏమీ పుట్టదు. పైగా చాలామంది పిల్లలు అడిగినందుకే ఊపిరి పీల్చుకుంటారు. ఆలోచన వస్తుందన్నాడు, ఎలా అన్నది ఎప్పుడూ అనుకోలేదన్నాడు. ఎప్పుడెక్కువ వస్తుందంటే, "పొద్దుగాల అమ్మ లేపుతది చూడుండ్రి, అప్పుడు" అన్నాడు. ఆ జవాబును రాసుకున్నాను గానీ దాని విలువ ఆరోజు నాకు తెలియలేదు. కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ 9 ప్రశ్నావళిలో 27కు 14 వచ్చింది. అంటే మధ్యస్థాయి.

వాళ్లకు ఊళ్లో రెండెకరాల పత్తి ఉంది. స్ప్రే చేయగా మిగిలిన పురుగుల మందు డబ్బాలు మెట్ల కింద పెట్టారు. అదే సాయంత్రం వాటిని పెదనాన్న చేను దగ్గరి గదిలో పెట్టి తాళం వేయించాను. క్షణికావేశంలో చేతికందేది ఏమిటన్న దాని మీదే మన జిల్లాల్లో చాలా ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416ను వంటింట్లో గోడ క్యాలెండర్ మీద పెద్దగా రాయించాను, ఎందుకంటే చిన్నోడి దగ్గర ఫోన్ లేదు. అదే వారం సైకియాట్రిస్టుకు చూపించాం. ఆయన మందులు అప్పుడే వద్దన్నారు. నాలుగు వారాలు దగ్గరుండి గమనిద్దాం, తగ్గకపోతే మొదలుపెడదాం అన్నారు.

గంజాయి టెస్టు చెప్పకుండా చేయించమన్నాడు తండ్రి. నేను ఒప్పుకోలేదు. ఆ సంగతి తెలిసిన రోజున వాడు నాతో మాట్లాడటం మానేస్తాడు. చిన్నోడినే అడిగితే "చేయించుండ్రి, నాకేం భయం" అన్నాడు. ఏమీ లేదు.

అంతకుముందు ఇంట్లో చేసినవి

దసరా సెలవుల తర్వాత పరీక్షల మార్కులు వచ్చాయి. తండ్రి ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టాడు. రాత్రి రెండింటిదాకా ఫోన్ చూస్తున్నాడు కాబట్టి ఫోన్ పోతే నిద్ర వస్తుందని ఆయన లెక్క. నేను ఆయన స్థానంలో ఉన్నా అదే చేసేవాడినేమో. కానీ నిద్ర రాలేదు. రెండింటిదాకా మెలకువ అలాగే ఉంది, చేతిలో మాత్రం ఏమీ లేదు. పది రోజుల్లో చిన్నోడు అమ్మ పండుకున్నాక గోడ దూకడం మొదలుపెట్టాడు. ఫోన్ ఉన్నన్నాళ్లు వాడు మంచం మీదే ఉన్నాడు. అది పోయాక హైవే ఎక్కాడు. ఫోన్ మంచిదని నేను అనడం లేదు. కాకపోతే దేన్నైనా తీసేసే ముందు ఆ గంటల్లో పిల్లవాడు ఎక్కడికి పోతాడని ఎవరో ఒకరు ఆలోచించాలి.

ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన నిద్ర గోలి కూడా నాలుగు రోజులు సగం సగం వేశారు. రెండు రోజులు కాలేజీ బస్సు తప్పిపోయింది, మానేశారు.

నేను చేసిన పొరపాటు

రాత్రి ఎన్నింటికి పండుకుంటావని అడిగాను. రెండింటికి. ఎన్నింటికి లేస్తావు? ఐదూ ఇరవైకి, ఆరింటికి బస్సు. అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు. అంత తక్కువ నిద్రతో పిల్లవాడు నెలల తరబడి నిలబడలేడు కదా అన్న అనుమానం నాకు రావాల్సింది. అసలు రాలేదనను. వచ్చి, వేరే దిక్కుకు పోయింది. నిద్ర తక్కువైనా హుషారుగా ఉంటున్నాడా, పెద్ద పెద్ద మాటలు మాట్లాడుతున్నాడా అని బైపోలార్ (మనసు అతి ఉత్సాహానికీ కుంగుబాటుకీ మధ్య ఊగే జబ్బు) కోసం వెతికాను. అలాంటిదేమీ లేదు. క్లాసులో తూలుతున్నాడు, మధ్యాహ్నం రికార్డు రాస్తూ పెన్ను జారిపోతోంది. గురక లేదు. థైరాయిడ్, రక్త పరీక్షలు మామూలుగానే ఉన్నాయి. కాబట్టి కుంగుబాటు వల్ల వచ్చిన నిద్రలేమి అని తేల్చుకున్నాను. పదింటికి మంచమెక్కాలి, తొమ్మిది తర్వాత టీ వద్దు, వెలుతురు తగ్గించాలి. అందరికీ ఇచ్చే కాగితమే ఇచ్చాను.

మూడు వారాల తర్వాత పీహెచ్‌క్యూ 14 నుంచి 16కు పెరిగింది. పదింటికి మంచమెక్కి ఒంటిగంటన్నర దాకా ఫ్యాన్ చూస్తూ పడుకుంటున్నాడు. ఆ మూడున్నర గంటలు పూర్తిగా ఆలోచనలే. మార్కులు, తండ్రి మాటలు, ప్రమాదం. "ఇంతకుముందు ఫోనన్న ఉండె సార్" అన్నాడు. నేను ఇచ్చిన సలహా వాడిని చీకట్లో తన ఆలోచనలకు అప్పగించినట్టయింది. నిద్ర రానప్పుడు మంచం మీదే దొర్లితే ఆ మంచమే మెలకువకు గుర్తుగా మారుతుందని చదువుకున్నవాడినే.

అప్పుడు మళ్లీ మొదటి నుంచి లెక్క తీశాను. ఈసారి రాత్రి గురించి కాకుండా ఇరవై నాలుగు గంటల గురించి అడిగాను. చిన్నోడి తల్లి గోడ క్యాలెండర్ మీద పాల లెక్క రాస్తుంది, ఇటువైపు చాలా ఇళ్లలో రాసినట్టే. అదే గడిలో కింద వాడు కళ్లు మూసుకున్న ప్రతిసారీ టైం రాయమన్నాను. పక్కనే ఆ రోజు మనసు ఎలా ఉందో ఒకటి నుంచి ఐదు దాకా అంకె వాడే వేయాలి. రెండు వారాలు.

క్యాలెండర్ పేజీ తెచ్చారు. సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిది దాకా ప్రతిరోజూ నిద్ర. మొదటిసారి ఎందుకు చెప్పలేదని అడిగితే తల్లి ఆశ్చర్యపోయింది. "అది నిద్రెట్లయితది సార్? అలిసిపోయొచ్చి కాసేపు ఒరుగుతడు. పాపం లేప బుద్ధి కాదు." తొమ్మిదింటికి లేపి అన్నం పెట్టి, చదువుకోవాలి కదా అని చిక్కటి టీ ఇస్తుంది. నేను తొమ్మిది తర్వాత వద్దన్నాను గదా అని సరిగ్గా తొమ్మిదింటికే ఇస్తోంది.

రెండు లెక్కలు

ఇక్కడి నుంచి ఆలోచన దారిలో పడింది. నిద్రను రెండు విషయాలు నడుపుతాయి. ఒకటి మేలుకున్న ప్రతి గంటకూ పేరుకునే నిద్ర ఒత్తిడి. రెండోది శరీరంలోని గడియారం. తల్లికి మొదటిది నల్లా ట్యాంకుతో చెప్పాను. పొద్దంతా నిండిన ట్యాంకు వాల్వును సాయంత్రం ఆరున్నరకే తిప్పేస్తే, రాత్రి పదింటికి నల్లా విప్పితే ఏమొస్తుంది? దాని మీద టీ. కెఫీన్ సగం కరగడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. తొమ్మిదింటి టీలోని కెఫీన్ సగం రాత్రి రెండు గంటలప్పుడు కూడా ఒంట్లోనే ఉంటుంది.

రెండో లెక్క తండ్రికి నచ్చలేదు. యవ్వనంలోకి వచ్చాక, నిద్ర వేళయిందని ఒంటికి చెప్పే హార్మోన్ మెలటోనిన్ విడుదలయ్యే సమయం గంట, రెండు గంటలు వెనక్కి జరుగుతుంది. రాత్రి పదకొండు దాకా నిద్ర రాకపోవడం ఆ వయసులో ఒంటి తీరు, పొగరు కాదు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. హైస్కూళ్లు పొద్దున ఎనిమిదిన్నరకు ముందు మొదలు కాకూడదని అక్కడి పిల్లల వైద్యుల సంఘం 2014లోనే సిఫారసు చేసింది. మన దగ్గర ఆరూ నలభై ఐదుకే స్టడీ అవర్. డిసెంబర్‌లో సూర్యుడు ఆరున్నర దాటాకే వస్తాడు. చిన్నోడు చీకట్లో బస్సెక్కి, పరదాలు వేసిన సీట్లో తూగి, ట్యూబ్‌లైట్ల గదిలో కూర్చుంటున్నాడు. గడియారాన్ని ముందుకు జరిపేది పొద్దుటి వెలుతురు. అది వాడికి దొరకడం లేదు.

క్యాలెండర్‌లో ఇంకో సంగతి కనిపించింది. ఆదివారం పన్నెండింటిదాకా నిద్ర. సోమ, మంగళవారాల్లో మనసు అంకె ఒకటి, రెండు. గురు, శుక్రవారాలకు మూడు. సోమవారం పొద్దున ఐదూ ఇరవైకి లేవడం అంటే ఆదివారం లెక్కన వాడి ఒంటికి అర్ధరాత్రి లేచినట్టే. చావు ఆలోచన పొద్దున లేపేటప్పుడే వస్తుందని మొదటిరోజే చెప్పాడు కదా.

దసరా గురించి అప్పుడే అడిగాను. తల్లి వెంటనే "పండుగకు మంచిగనే ఉండె సార్, నవ్వుకుంట తిరిగిండు" అంది. ఆ పది రోజులూ రాత్రి ఒంటిగంటకు పడుకుని తొమ్మిదిన్నరకు లేచాడు. ఫోన్ పొద్దంతా చేతిలోనే ఉంది. అంటే ఎనిమిదిన్నర గంటలు నిద్రపోతే, ఫోన్ ఉన్నా, వాడు బాగానే ఉన్నాడు. ఇది రుజువు అనను. సెలవుల్లో పరీక్షల టెన్షన్ కూడా ఉండదు కదా, రెంటినీ విడదీయలేను. కానీ కుంగుబాటు వల్ల నిద్ర చెడిందన్న నా మొదటి అంచనా కంటే, నిద్ర చెడి మనసు కుంగిందన్న అంచనాకే ఎక్కువ బలం కనిపించింది. అమెరికాలో 2007 నుంచి 2015 దాకా జరిగిన సర్వేల్లో 67,000 మందికి పైగా హైస్కూలు పిల్లల జవాబులను పరిశీలించి 2018లో అచ్చు వేశారు. ఎనిమిది గంటలు నిద్రపోయే వాళ్లతో పోలిస్తే ఆరు గంటల లోపు నిద్రపోయేవాళ్లు మద్యం, పొగాకు వాడటం, తాగి బండి నడపడం వంటివి సుమారు రెట్టింపు చెప్పారు. ఆత్మహత్య ఆలోచన మూడు రెట్లకు పైగా. అది సంబంధమే, కారణం అని తేల్చదు. చిన్నోడి విషయంలో నాకు కావలసింది కూడా అంతవరకే. సరిచేయడానికి మొదట ఏ పోగు పట్టుకోవాలో తెలిస్తే చాలు.

తండ్రి మాట

ఈ కేసును మలుపు తిప్పింది నా ట్యాంకు పోలిక కాదు. తండ్రితో విడిగా కూర్చున్నప్పుడు, రాత్రి లోడు తీసుకుపోయేటప్పుడు నిద్ర ఆపుకుంటే ఎలా ఉంటుందని అడిగాను. రెప్పలు పడటం గురించి చెబుతాడనుకున్నాను. ఆయన కాసేపు ఊరుకుని ఇలా అన్నాడు: "రెప్పల సంగతి తర్వాత సార్. నిద్రాపుకుని నడిపితే సందు పెద్దగ కనిపిస్తది. పట్టదనుకునేది పడతదనిపిస్తది." అని ఆగిపోయాడు. కొడుకు అన్న మాట ఆయనకు గుర్తొచ్చిందని మొహంలోనే తెలిసింది.

నిద్ర తక్కువైన మెదడులో ఆగు అని చెప్పే భాగం బలహీనపడుతుంది, దక్కబోయేది మాత్రం మరింత ఊరిస్తుంది. నేను పది నిమిషాలు చెప్పాల్సిన దాన్ని ఆయన రెండు ముక్కల్లో చెప్పాడు. ఆ తర్వాత ఆయన ఒక్కసారి కూడా పొగరు అన్న మాట వాడలేదు.

ఇంకో సంగతి కూడా ఆరోజే బయటపడింది. రాత్రి పన్నెండింటికి ఇల్లు చేరి, మెలకువగా ఉన్న కొడుకును చూసి మార్కుల పంచాయితీ పెట్టేది ఆయనే. ఆయనకు కొడుకు దొరికేది అప్పుడే మరి. చిన్నోడు ఆ పంచాయితీ అయ్యాకే గోడ దూకేవాడు.

ఈసారి వేసిన ప్లాన్

పడుకునే టైంను వదిలేసి సాయంత్రం నిద్రను పట్టుకున్నాం. కాలేజీలో పొద్దుటి స్టడీ అవర్ మినహాయింపు అడిగితే ప్రిన్సిపాల్ ఒప్పుకోలేదు. ఒకరికిస్తే అందరూ అడుగుతారన్నారు. సాయంత్రం స్టడీ అవర్ మాత్రం లెటర్ పెడితే వదులుతామన్నారు. దానితో ఆరుంబావుకు కాకుండా ఐదింటికి ఇల్లు చేరుతున్నాడు. ఐదుంబావుకు వరండాలో నులక మంచం మీద కునుకు, ఇరవై ఐదు నిమిషాలు, అమ్మ కుట్టు మిషన్ చప్పుడు పక్కనే. గదిలో పరుపు మీద అయితే లేపడం ఆమె వల్ల కాదని ఆమే చెప్పింది. కునుకు పూర్తిగా మాన్పించలేదు. మానిస్తే మొదటి వారమే కుప్పకూలుతాడు. నాలుగింటి తర్వాత టీ లేదు.

పడుకోవడం పదకొండున్నరకు మొదలుపెట్టాం. నిద్ర వచ్చాకే మంచం. నాలుగైదు రోజులకోసారి పావుగంట ముందుకు. ఒకేసారి పదింటికి దూకితే ఏమవుతుందో చూసేశాం కదా. కాలేజీలో ఎనిమిదింబావుకు టిఫిన్ బ్రేక్. హాల్లో కాకుండా గ్రౌండ్‌లో ఎండలో నిలబడి తినమన్నాను. ఎవరి అనుమతీ అక్కర్లేని మార్పు ఇది ఒక్కటే. దోస్తులు నవ్వారట, తర్వాత ఇద్దరు వచ్చి కలిశారట.

ఆదివారం కూడా ఐదున్నరకే లేవాలని నేను పట్టుబట్టి ఓడిపోయాను. రెండో ఆదివారం వాడు సెషన్‌కే రాలేదు. ఏడింటికి లేచి, మధ్యాహ్నం గంట పడుకోవచ్చన్నాక కుదిరింది.

ఫోన్ తిరిగి ఇప్పించాను. రాత్రి తొమ్మిది నుంచి పది దాకా, ముందు గదిలో, ఆ తర్వాత చార్జింగ్ అమ్మ గదిలో. తండ్రి ఎందుకన్నాడు. రాత్రి మెలకువగా ఉండటంలో నీకు నచ్చేదేంటని చిన్నోడిని అడిగినప్పుడు వచ్చిన జవాబు ఆయనకు చెప్పాను: "అప్పుడు నన్ను ఎవ్వరూ ఏమీ అడగరు." పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం దాకా ర్యాంకు, టెస్టు. ఎవరూ ఏమీ అడగని గంట ఒకటి వాడికి పడుకునే ముందే దొరకకపోతే అర్ధరాత్రి వెతుక్కుంటాడు. తొమ్మిది నుంచి పది వాడి గంట, చదువు మాట ఎవరూ ఎత్తకూడదు. తండ్రి రాత్రి అన్నం తిని పడుకోవాలి, మార్కుల మాట ఆదివారం పొద్దునే. ఆయన రెండుసార్లు మాట తప్పాడు. రెండుసార్లూ తెల్లారి ఫోన్ చేసి చెప్పాడు.

బండి తాళం బాబాయి దగ్గరే, అందులో బేరం లేదు. శిక్షగా కాకుండా లెక్కగా చెప్పాను. కునుకు తగ్గించిన మొదటి రెండు వారాలు మగత ఇంకా పెరుగుతుంది. పైగా 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనర్ నడిపితే సంరక్షకుడికి లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. బాబాయికి అది తెలియదు.

ఏమైంది

మొదటి వారం కష్టంగా గడిచింది. కునుకు నుంచి లేపినందుకు అమ్మ మీద అరిచాడు, గ్లాసు విసిరాడు. ఎనిమిదో రోజు పదకొండింటికే కళ్లు మూసుకుపోయాయి. జనవరి మొదటి వారానికి పదింబావు. రాత్రి ఏడు గంటలు, సాయంత్రం అరగంట లోపు. ఎనిమిది గంటలు ఎప్పుడూ కాలేదు, ఆ బస్సు టైంతో కాదు కూడా. పీహెచ్‌క్యూ 16 నుంచి 9కి, ఫిబ్రవరిలో 6కు వచ్చింది. సైకియాట్రిస్టు మందుల అవసరం లేదన్నారు. గోడ దూకడం ఆగింది, ఆపమని ఎవరూ చెప్పలేదు. మార్కులు కొంచెమే పెరిగాయి. తండ్రికి అది వెలితిగానే ఉంది.

సంక్రాంతికి అమ్మమ్మ ఊరికి పోయి నాలుగు రాత్రులు క్రికెట్ ఆడాడు, పడుకునే టైం మళ్లీ రెండింటికి జారింది. కంగారుపడి ఫోన్ చేశారు. టిఫిన్ ఎండ, కునుకు, ఆదివారం ఏడింటికి లేవడం, ఈ మూడూ వదలొద్దు, పడుకునే టైం గురించి మాట్లాడకండి అన్నాను. తొమ్మిది రోజుల్లో దారికొచ్చాడు.

ఈ కేసు తర్వాత నేను అడిగే మొదటి ప్రశ్న మారింది. రాత్రి ఎన్నింటికి పండుకుంటావు అనడం మానేసి, నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఎన్నిసార్లు కళ్లు మూశావో చెప్పు అంటున్నాను. ఇళ్లలో సాయంత్రం ఒరగడం నిద్ర కింద లెక్కకు రాదు, బస్సులో తూగడమూ రాదు. అలవాటు మాన్పించే ముందు అది పిల్లవాడికి ఏమిస్తోందో కనుక్కుంటున్నాను. సెలవుల్లో ఎలా ఉన్నాడనే ప్రశ్న కూడా ఇప్పుడు తప్పకుండా అడుగుతాను. ఇంటికి పంపే ఆ పాత కాగితం మాత్రం డ్రాయర్‌లోనే ఉంది. వేరేవాళ్లకు పనికొస్తుంది, ముందు కునుకు లెక్క చూశాక.

మే నెలలో ఒకసారి తల్లి ఫోన్ చేసింది. ఎండలకు స్లాబు అర్ధరాత్రి దాకా కక్కుతోంది, వాడికి మళ్లీ ఒంటిగంట అవుతోందని. సెలవులే కదా, డాబా మీద పడుకోనివ్వండి, ఏడింటికి ఎండ మొహం మీద పడితే అదే లేపుతుందన్నాను. జూన్‌లో సెకండియర్ మొదలైంది. చివరిసారి వచ్చినప్పుడు తెచ్చిన క్యాలెండర్ పేజీలో పాల లెక్క మాత్రమే ఉంది. నిద్ర టైంలు రాయడం ఆమె మానేసింది. రాయాల్సిన అవసరం పడలేదంది. కాలేజీ బస్సు ఈ ఏడాది మరో పావుగంట ముందుకు జరిగి ఐదూ నలభై ఐదుకే వస్తోంది. దాని మీద మాట్లాడటానికి ప్రిన్సిపాల్‌ను టైం అడిగాను. ఇంకా ఇవ్వలేదు.